నలిగిన నిమ్మకాయ

ఆయుధపూజ రాత్రి, కోవిల్పట్టి, 2005



వారంగా మా కారు రిమోటుకు స్టార్టు కావడం లేదు. నిన్న మీటరుతో వెతికితే, గేరులో ఉన్న బండిని రిమోటుతో స్టార్టు కానివ్వకుండా ఆపే తీగలో తప్పు దొరికింది. పరీక్ష కోసం దాన్ని కారు బాడీకి కలిపాను. స్టార్టయింది! ఆ సంబరంలో విప్పడం మరిచాను; అట్లా ఉంటే గేరులో ఉన్నా బండి స్టార్టవుతుంది. హ్యాండ్‌బ్రేకు పట్టదని నాయిన ఎప్పుడూ ఫస్టు గేరులోనే నిలుపుతాడని నాకు తెలియదా?

సాయంత్రం పూజలో అమ్మ వంగి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతోంది. నాయిన గడపలోంచి, "చూడవే, మన బిడ్డ ఎట్ల బాగు చేసిందో!" అంటూ రిమోటు నొక్కాడు. కారు ఒక్క దూకు దూకి ఆగిపోయింది. కాయ నలిగింది. అమ్మ చెయ్యి జానెడు దూరంలో ఉంది.

నాయిన ముఖంలో నెత్తురు లేదు. అమ్మే తేరుకుని, "ఏమీ కాలేదు లెండి. సామి కాచినాడు, దిష్టంతా కాయకు పోయె," అంది.



ఇందాక ఎవరూ చూడకుండా వెళ్లి తీగ విప్పేశాను. పొద్దున రిమోటు పనిచేయదు. ఎందుకని నాయిన అడుగుతాడు. అప్పుడైనా చెప్పగలనా...

నలిగిన కాయను అమ్మ నా దిండు పక్కన పెట్టి వెళ్లింది, పనిచేసే నా చేతులకు దిష్టి తగలకూడదని.