సుభద్ర కాళ్ళకి నూనె

1979 జులై 3

ఆస్పత్రి కాగితాలు వచ్చేయి. రక్తం బాగుంది, అన్నీ బాగున్నాయిట. "మీ ఆవిడకి జబ్బేం లేదండి మాస్టారూ" అంటూ బలం మాత్రలు రాసేరు డాక్టరుగారు. మరి అరికాళ్ళు ఎందుకు మండుతున్నట్టు? ఇంటికొచ్చేసరికి సుభద్ర పెరట్లో, బకెట్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూచుంది. ఉగాది ముందు పాప పోయినప్పట్నించీ ఇదే. నిద్ర లేదు. ఏడుపూ లేదు. వారం తిరక్కుండానే పోయిన పిల్ల... పేరు కూడా పెట్టలేదు. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం.

జులై 8

కొత్తపేట. ప్రకృతి వైద్యం చేసే విశ్వనాథంగారి దగ్గరికి. కొబ్బరితోటలో రెండు తాటాకు పాకలు, సిమెంటు తొట్లు, తడిమట్టి వాసన. నేను సైన్సు మాస్టర్ని — నమ్మకం లేకుండానే వెళ్ళేను, చూద్దామని. ఆయన నాడి చూడలేదు. "పొద్దున్నించి ఎవరితో మాట్లాడతావమ్మా?" అని అడిగేరు. సుభద్ర తొట్లకేసి చూసింది. పొట్ట మీద మట్టిపట్టీ, తొట్టిస్నానం, పులుపూ కారం తగ్గించడం, రోజూ సాయంత్రం అరికాళ్ళకి గోరువెచ్చటి నువ్వులనూనె మర్దన — ఇదీ ఆయన చెప్పిన వైద్యం.

"ఎవరు రాస్తారు?"

"పనిమనిషి..." అన్నాను.

"మీరే రాయండి మాస్టారూ."

తిరుగు బస్సు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీల వెనక ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తూనే అంది సుభద్ర — "మీరు నా కాళ్ళు పట్టుకుంటే పాపం నాకండి."

జులై 9

నూనె సీసా కొన్నాను. సుభద్ర అలమరలో పెట్టేసింది. అంతే.

జులై 11

మట్టి జల్లించి, రాత్రి నానబెట్టి, గుడ్డలో పరిచి పొట్ట మీద వేసుకుంటోంది. చల్లగా ఉందిట. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇదేం వైద్యంరా. పొలంలో పడుకున్నా ఇంతేగా." సుభద్ర మూతి కొంచెం కదిలింది. నవ్వేమో... ఖాయంగా చెప్పలేను.

జులై 14

ఒప్పుకుంది. అమ్మ పురాణం వినడానికి వెళ్ళిన సమయంలో, తలుపు దగ్గరగా వేసి.

పదేళ్ళ కాపరం. ఈ మనిషి అరికాలు ఎప్పుడూ చూడలేదు నేను. ఎడమ మడమ మీద పాత కుట్ల మచ్చ. చిటికెన వేలు పక్క వేలి మీదకి ఎక్కి ఉంది. ఎక్కడ నొక్కాలో తెలీదు, ఎంత నొక్కాలో తెలీదు. బొటనవేలితో మడమ నుంచి పైకి తీశాను. కాలు లాగేసుకుంది.

"నొప్పా?"

"చక్కిలిగింతలండీ."

ఆ మచ్చ ఎలా వచ్చిందని అడిగేను. చిన్నప్పుడు కాలవలో గాజుపెంకు. వాళ్ళ నాన్నగారు భుజాన వేసుకుని అమలాపురం దాకా నడిచేరుట. పెళ్ళయ్యేక ఇంత పొడుగు కథ ఆవిడ నోట వినలేదు.

జులై 18

రోజూ రాస్తున్నాను. అమ్మకి తెలిసిపోయింది. నాతో మాట్లాడ్డం మానేసింది. సుభద్ర నిన్న రాత్రి పడుకుని తెల్లారేదాకా లేవలేదు.

జులై 19

పని చేస్తున్నది నూనేనా, రాపిడా? నూనె వేడిని పట్టి ఉంచుతుంది, నిజమే. రాస్తే రక్తం పారుతుంది, అదీ నిజమే. తేల్చుకోవాలని ఉంది. రేపట్నించి కుడికాలికి నూనె, ఎడమకాలికి ఉత్త చెయ్యి. ఆవిడకి చెప్పను — చెబితే ఫలితం చెడుతుంది.

జులై 25

కుడికాలు నయం. ఎడమది మండుతోందిట. నూనే అన్నమాట. క్లాసులో పిల్లలకి చెప్పినంత సంబరం.

జులై 26

"ఎడమకాలికి నూనె రాయరేం?" అని అడిగింది. చెప్పేశాను. రెండు కాళ్ళూ చీరలోకి లాక్కుంది. "మీ బళ్ళో కప్పల్ని కోస్తారు చూడండి..." అని ఆగిపోయింది. అన్నం వడ్డించి అవతలికి వెళ్ళిపోయింది.

జులై 28

వాన. సీసా అలమరలోనే.

జులై 30

కూర తరుగుతూ తనే ఎత్తింది. "ఏం తేలిందండీ మీకు?"

"నూనె."

"కుడికాలికి రాసినప్పుడు కబుర్లు చెప్పేవారు. ఎడమకాలు పట్టుకోగానే నోరు కట్టేసుకుని నా మొహం చూసేవారు, తగ్గిందా లేదా అని. అదీ లెక్కలోకి వస్తుందా?"

వస్తుంది. అది నాకు తట్టనే లేదు. సాయంత్రం సీసా తనే తెచ్చి నా ముందు పెట్టింది. కాళ్ళు రెండూ చాపింది.

ఆగస్టు 5

మళ్ళీ కొత్తపేట. ఈసారి ప్రశ్నలన్నీ సుభద్రవే. బొటనవేలితోనా, అరచేత్తోనా? గుండె వైపుకే ఎందుకు తియ్యాలి? గర్భిణీలకి చెయ్యొచ్చా? విశ్వనాథంగారి భార్య తన చెయ్యి చాపి, "ఇదిగో, దీని మీద నేర్చుకో" అన్నారు. నేను అరుగు మీద నిమ్మరసం తాగుతూ కూచున్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

ఆగస్టు 11

మా బళ్ళో లెక్కల టీచరు మేరీగారు ఎదురింట్లోనే ఉంటారు. కుడిభుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు; బోర్డు మీద కింది సగమే లెక్కలతో నిండుతుంది, పై సగం ఖాళీ. సుభద్ర వెళ్ళి ఆవిడ భుజానికి రాస్తోంది.

"వాళ్ళింట్లో ముట్టుకుని వచ్చి వంటింట్లోకా? స్నానం చేసి రా." — అమ్మ.

"ఆయ్, అత్తయ్యగారూ." రెండోసారి స్నానం.

ఆగస్టు 17

ఇవాళ స్నానం చెయ్యలేదు. చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అమ్మ చూసింది. అమ్మ చూడ్డం సుభద్రా చూసింది. అమ్మ ఆ పూట అరటిపళ్ళతో సరిపెట్టుకుంది. నేను అన్నం తిన్నాను. ఎవరి పక్కా మాట్లాడలేదు.

ఆగస్టు 24

భుజం పడుతుంటే మేరీగారు ఉన్నట్టుండి ఏడ్చేరుట. నొప్పికి కాదుట.

"ఎందుకు?"

"తెలీదండీ. కండలోంచి వచ్చినట్టొచ్చింది. ఆవిడకీ తెలీదు." చేట అందుకుంటూ — "నేనూ పాప సంగతి చెప్పేను."

ఏం చెప్పింది? ఎంత చెప్పింది? నాతో ఒక్క ముక్క అనలేదే. అడగబోయేను. చేటలో బియ్యం పోసుకుని వెళ్ళిపోయింది. రోజంతా అదే ఆలోచన. అసూయ అంటారేమో దీన్ని.

ఆగస్టు 30

మేరీగారు బోర్డు పైదాకా రాయలేదు గానీ, మధ్య గీత దాటేరు.

సెప్టెంబరు 2

"మంట ఎలా ఉంది?"

"ఉంటోందండీ. కొన్ని రోజులు మర్చిపోతున్నాను."

మధ్యాహ్నం విశ్వనాథంగారు మనిషిని పంపేరు. ఆడవాళ్ళ పాకలో చూసుకునేవాళ్ళు లేరుట, వాళ్ళావిడ ఒక్కరూ చాలడం లేదుట. ఆదివారాలు సుభద్రని పంపగలరా అని.

"వేదం చెప్పుకున్న ఇంటి కోడలు ఊరివాళ్ళ ఒళ్ళు పడుతుందా?" అంది అమ్మ. సుభద్ర నావైపు చూసింది. అమ్మా చూసింది. "చూద్దాం" అన్నాను. ఇద్దరికీ నచ్చని మాట అదొక్కటే.

సెప్టెంబరు 5

"ఈ ఆదివారం వెళ్తున్నానండీ" అంది. అడగడం కాదు, చెప్పడం. సరేనన్నాను. అమ్మతో కూడా నేనే చెప్పేను.

సెప్టెంబరు 8

పేపర్లు దిద్దుతుంటే వెనక నుంచి వచ్చి మెడ మీద చెయ్యి వేసింది. "కదలకండి."

బొటనవేళ్ళతో రెండు పక్కలా వెతికింది. ఒక చోట ఆగింది. అక్కడ నొప్పి ఉందని నాకే తెలీదు.

"ఎప్పట్నించండీ ఇది?"

"పేపర్లు దిద్ది దిద్ది..."

"కాదు." వేలు తియ్యలేదు. "పాపని మీరే ఎత్తుకెళ్ళేరు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. దారిలో ఎలా ఉంది? ఎవరూ చెప్పలేదు నాకు."

ఏరుగట్టు దాకా తువ్వాలులో. బరువే లేదు. అదొక్కటీ చెప్పేను — బరువు లేదని. ఆవిడ చేతులు ఆగిపోయేయి. మళ్ళీ మొదలెట్టింది, ఇంకా మెల్లగా. "మిగతాది రేపు వచ్చేక చెప్పండి."

సెప్టెంబరు 9

పొద్దున్న బస్సెక్కించేను. ఒక్కతే వెళ్ళడం ఇదే మొదలు. కిటికీ పక్కన కూచుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఊపలేదు. అమ్మ కాఫీ తాగలేదు. "మోకాళ్ళు లాగేస్తున్నాయి" అంది — నాతోనో, గోడతోనో. నూనె వెచ్చబెట్టనా అన్నాను. "నువ్వా?" అంది. వద్దనలేదు.

మిగతాది... గట్టు మీద గాలి. మా మేనమామ గొయ్యి తవ్వుతుంటే నేను తువ్వాలు అంచు తీసి ఒకసారి మొహం చూశాను. సుభద్ర పోలికా, నా పోలికా అని చూశాను. అది చెప్పొచ్చా? చెబితే మంట మళ్ళీ మొదలవుతుందేమో. చెప్పకపోతే ఈ మెడ...

సాయంత్రం బస్సు వచ్చే వేళయింది. వీధిలో ఎవరివో చెప్పుల చప్పుడు.