ఫోటో మీద కప్పిన కొంగు

అన్నా,

ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోతూ కోటగిరి రోడ్డు మీద నువ్వు బండి కింద పడి ప్రాణం వదిలి రేపటికి ఏడాది. మనిద్దరినీ కన్న అవ్వకు చూపు బాగా మందగించింది. నా భుజం పట్టుకునే చర్చికి వస్తోంది.

ఈ ఆదివారం నిజామాబాద్ నుంచి కొత్త పాస్టరు వచ్చాడు. ప్రసంగం మధ్యలో ఒక పెద్ద ఫోటో పైకెత్తాడు. ఆ రోజు పోలీసులు తీయించినది. తిరగబడ్డ బండి, చెరకు మోపులు, వాటి కింద నీ ముఖం. నిన్ను ఇంటికి తెచ్చినప్పుడు అవ్వ తట్టుకోలేదని మేము ముఖం మీది దుప్పటి తీయనే లేదు.

"ఈ మనిషి మన లెక్కనే పొద్దుగాల ఇల్లు ఇడిచి ఎల్లిండు. దేవుని తలువకుంట పోయిండు. రేపు మీ గతేంది?" అన్నాడు పాస్టరు.

రోజూ ఎడ్ల మెడల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే బండి కట్టేవాడివి. ఆయనకేం తెలుసు?

చర్చిలో ఆడవాళ్లం తల మీది కొంగు తీయం. నేను తీశాను. ముందుకు వెళ్లి, ఆయన చేతిలోని ఫోటో మీద కప్పి నిలబడ్డాను. ఆయనే మెల్లగా ఫోటో దించాడు.

దారిలో అవ్వ అడిగింది.

"ఎవలే గా ఫోటోల పిలగాడు?"

"మనకెర్క లేదవ్వా."

ఆ పూట అన్నం ముందు అవ్వే ప్రార్థన చేసింది.

"ప్రభువా, గా పిలగాని తల్లిని నువ్వే ఓదార్చు."

నేను ఆమేన్ అన్నాను, అన్నా.

నీ చెల్లె