ముప్పై వేల కిలోమీటర్లు

బాబాయికి,

నాన్న ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టర్ చెప్పారు. కుడికాలు మాత్రం మోకాలి దాకా తీసేశారు.

కొందామని చూసిన మూడేళ్ల కారు ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిందని నాన్న వెనకాడుతుంటే, "వయసుదేముంది అన్నయ్యా, ఎంత తిరిగిందో చూడాలి. నాది పదేళ్లదైనా ముప్పై వేలే తిరిగింది" అని మీ కారు అంటగట్టారు. వారం తిరక్కుండానే, కొండ దిగుతుంటే బ్రేకులు పడలేదు.

నిన్న సీటు కింద మీ సర్వీసు పుస్తకం దొరికింది. ఐదేళ్ల కిందటే లక్షా పదివేలు తిరిగినట్టు మెకానిక్ అందులో రాశాడు. మీటరు వెనక్కి తిప్పించి అమ్మారన్నమాట.

నాన్నకింకా చెప్పలేదు. "తమ్ముడికి కబురు చెయ్యకమ్మా, వాడు తట్టుకోలేడు" అంటున్నారు.

ఆయన కళ్లద్దాలు పగిలిపోయాయి. రేపు వచ్చి ఆ పేజీ మీరే చదివి వినిపించండి.

మీ అన్నయ్య కూతురు