మనుషులకు అంటు కట్టరు

రెడ్డిగూడెం,
ఆగస్టు 1962.

నాగమణికి,

“ఆశీర్వదించి వ్రాయునది” అని మొదలుపెట్టాలట. నీకంటే ఏ మెట్టు పైన ఉన్నానని నిన్ను ఆశీర్వదించను? అందుకని ఊరికే, ప్రేమతో రాస్తున్నాను. ఇక్కడ నేను, అమ్మ, మన నల్లమేక క్షేమం. అక్కడ నువ్వు, పాప, అత్తయ్యగారు, మామయ్యగారు బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వానలకి అమ్మ మోకాలు మళ్ళీ పట్టేసింది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. బసవపున్నారావు గారి మామిడితోటలో అంట్లు కడుతున్నాం. చెట్టు చుట్టూ మంచెలు వేసి, వాటి మీదికి కుండీల్లో మొక్కలు ఎక్కించి, ఒక్కో మొక్కనీ చిన్న రసం కొమ్మకు కట్టేశాం. అతుక్కునేదాకా నీళ్ళు పోస్తూ కనిపెట్టుకుని ఉండాలి. పాపను ఉయ్యాల్లో వేసిననాడు ఎందుకు రాలేదని అడిగావు. ఈ పనే అడ్డం వచ్చిందనుకో. దాని సంగతి తర్వాత రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. పాపకు కుడిచెవి ముందు పుట్టుకతోనే చిన్న బెజ్జం ఉందని, అచ్చం తిరుపతిరావు బావకున్నట్టే ఉందని అందరూ నవ్వారని రాశావు కదా. అమ్మ చింతపండు పిసకడం ఆపేసింది.

“తిరుపతిరావంటే ఎవర్రా?”

“నాగమణి మేనమామ కొడుకు.”

“చిన్నప్పుడు ఆ పిల్లని ఇద్దామనుకున్నవాడేగా?”

“అయితే?”

“అయితే ఏముంది! అంట్లు కట్టేవాడివి, నీకు నేను చెప్పాలా? కాయ కొమ్మదిరా, కుండీలో మొక్కది కాదు. కాయ మీద వేరే గుర్తు వచ్చిందంటే కొమ్మే వేరు.”

కన్నతల్లి అని కూడా చూడకుండా “నోర్ముయ్” అన్నాను. మర్నాడు తోటలో ఓ కుండీని తన్నాను. కుండీ పగిలింది, నా బొటనవేలూ చితికింది. బసవపున్నారావు గారు చూసి, “ఏరా పెద్దిరాజూ, ప్రపంచాన్ని మారుస్తానని కుండీలతో మొదలెట్టావా?” అన్నారు.

నిజానికి నా కోపం అమ్మ మీద కాదు. ఆ మాట అప్పటికే నా లోపల ఉంది. మొగాడు కొమ్మ, ఆడది వేరుమొక్క, అది రసం పోస్తుందే గాని కాయలో దానికి వాటా లేదు. అంట్లు కట్టేవాళ్ళం అందరం ఇలాగే అనుకుంటాం.

నూజివీడులో కుటుంబ నియంత్రణ సభలో పంచిన చిన్న పుస్తకం ఒకటి నా పెట్టెలో ఉంది. అది చదివి ఊళ్ళో అందరికీ ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఈసారి నా కోసం చదువుకున్నాను.

ఆడదాని కడుపులో అండం ఉంటుంది, నాగమణీ. మనిషి ఒంట్లో కణాలన్నిట్లోకీ అదే పెద్దది. అయినా చూస్తే సూదిమొనతో పెట్టిన చుక్కంత. మొగవాడి బీజాలు దానికంటే ఎంతో చిన్నవి, కోట్లకొద్దీ పరిగెత్తుకొస్తాయి. ఒక్కదాన్ని లోపలికి రానిచ్చి, అండం వెంటనే తలుపు గడియ వేసేసుకుంటుంది. బిడ్డ పోలికల్లో తండ్రి వాటా సగం, తల్లి వాటా సగం. మొదటి రోజుల తిండి మాత్రం అంతా అండానిదే. నీ సగంలో మీ అమ్మ వైపు వాళ్ళూ మీ నాన్న వైపు వాళ్ళూ ఉంటారు. తిరుపతిరావు చెవికి వచ్చిన గుర్తు ఏ తాతదో ఏ ముత్తవ్వదో, అత్తయ్యగారి మీదుగా, నీ మీదుగా పాపకు రాకూడదా? మనుషులకు అంటు కట్టరు. మనమంతా టెంక మొక్కలం. టెంక పాతితే ఏ కాయ కాస్తుందో ఎవరు చెప్పగలరు? అది రెండు పువ్వుల కలయిక కదా.

అక్కడితో పుస్తకం మూసేస్తే బాగుండేది. పేజీ తిప్పాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ పిల్ల అండాలన్నీ తయారైపోతాయట! అంటే మన పాపలో నీ సగం, నువ్వు పుట్టకముందే నీలో ఉంది. నువ్వు మీ చాట్రాయిలో గౌను తొడుక్కుని తిరిగినప్పుడు, తిరుపతిరావు చెట్టెక్కి నీకు జామకాయలు కోసిచ్చినప్పుడు, అది నీతోనే ఉంది. నేను లేను. ఆ ఏళ్ళన్నీ అతనికి దక్కాయి. నేను ఆఖర్న వచ్చినవాణ్ణి. సైన్సు నా అనుమానం తీర్చింది గాని, కుళ్ళు రెట్టింపు చేసి పెట్టింది.

ఇప్పుడు అసలు మాట. ఉయ్యాలనాడు నేను వచ్చాను. పాపకు కుట్టించిన పచ్చ గౌను చంకలో పెట్టుకుని, బస్సు దిగి, మీ దడి దాకా వచ్చాను. సందులోంచి చూస్తే ఉయ్యాల తాడు తిరుపతిరావు చేతిలో ఉంది. ఎవరో ముసలావిడ, “మేనరికం తప్పినా పోలిక తప్పలేదే పిల్లా!” అంది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. అంతే, వెనక్కి తిరిగాను. బస్సు కోసం కూడా ఆగలేదు, నడిచేశాను. గౌను ఇంకా నా పెట్టెలోనే ఉంది.

నీ ఉత్తరంలో చివరి మాటలు మాత్రం అమ్మకు చదవలేదు. “వాళ్ళ నాన్న రానిదే పేరేంటని నేనే పేరు పెట్టనివ్వలేదు. మీ కూతురు ఇంకా పేరు లేకుండానే ఉందండీ.” అవి రోజూ చదువుకుంటున్నాను. నేను దడి అవతల కుళ్ళుకుంటున్నప్పుడు నువ్వు లోపల నా కోసం అందరితో పోట్లాడుతున్నావు.

అత్తయ్యగారి చెవి ముందు జుట్టు తొలగించి, అక్కడా బెజ్జం ఉందేమో చూడమని ఇందాక పైన ఒక వాక్యం రాసి, సిరాతో కొట్టేశాను. పుస్తకాలు చదివినవాడికి రుజువు కావాలనిపిస్తుంది. రుజువు దొరికితేనే నమ్మేట్టయితే నాకూ మా అమ్మకూ తేడా ఏంటి? చూడొద్దు. చూసినా నాకు చెప్పొద్దు.

శుక్రవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. అమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు గాని, పాత చీరలతో పాపకు బొంత కుట్టి నా సంచి మీద పెట్టింది. తోటలో దానంతటది మొలిచిన టెంక మొక్క ఒకటి తెస్తున్నాను. మీ దొడ్లో పాతుదాం, దానిష్టం వచ్చిన కాయ కాస్తుంది. పేరు ఇద్దరం కలిసి పెడదాం.

తిరుపతిరావు నన్ను “తమ్ముడూ” అంటాడు. అననీ. నేను వచ్చేదాకా ఉయ్యాల ఊపితే ఊపనీ. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మాత్రం తాడు నా చేతికివ్వమను. సమానత్వం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ తాడు దగ్గర నాకది ఇంకా ఒంటబట్టలేదు.

ఇట్లు,
పేరు పెట్టడానికి వస్తున్న
పాప నాన్న,
పెద్దిరాజు