సర్కారు వకీలు గారి విడుదల

సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు.

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వం తరఫున కోర్టులో గొంతు చించుకున్నాను. ఉద్యోగం గడువు ముగిసి నెలైనా మీ రిలీవింగ్ ఆర్డరు రాలేదు. మా ఆవిడ సామాను కట్టుకుని మా కొత్త ఇంటికి వెళ్ళిపోయింది. ఇక్కడ నాకు మిగిలినవి ఒక చాప, ఒక చెంబు. దయచేసి నన్ను వదిలిపెట్టండి.

ఇట్లు,
ప్రభుత్వ న్యాయవాది

తా.క.: కోటు తగిలించుకునే మేకు కూడా మా ఆవిడ పీక్కుపోయింది.

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ఈ ఆఫీసు నుంచి ఏ ఆర్డరు వెళ్ళాలన్నా న్యాయ సలహా ఉండాలి. మీ ఫైలును ప్రభుత్వ న్యాయవాదికి పంపి ఇరవై రోజులైంది. అక్కణ్ణుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆయన మీకు పరిచయమైతే కాస్త తొందరపెట్టండి.

భవదీయుడు,
సూపరింటెండెంట్

అయ్యా మహానుభావా,

ఆ న్యాయవాదిని నేనే! ఫైలు నా బల్ల మీదే, ఇంకో నలభై ఫైళ్ళ కింద దొరికింది. ‘అభ్యంతరం లేదు’ అని రాసి పంపుతున్నాను. నెలాఖరుకి నన్ను పంపకపోతే మా ఆవిడ మీ మీద కేసు వేస్తుందట. అన్నంత పనీ చేసే మనిషి.

మీ,
ప్రభుత్వ న్యాయవాది

తా.క.: నాకు బీపీ ఉంది.

అయ్యా,

మీ విషయంలో మీ సలహా చెల్లదు. ఇంకో న్యాయవాది ఇవ్వాలి. ఆయన్ని వేయాలంటే మీ కుర్చీ ఖాళీ కావాలి. అది ఖాళీ కావాలంటే మిమ్మల్ని రిలీవ్ చేయాలి. చేద్దామంటే న్యాయ సలహా లేదు. నన్నేం చేయమంటారు?

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క.: ‘మా ఆయన్ని నాకు అప్పగించండి’ అంటూ మీ శ్రీమతి గారు కేసు వేసేశారు. సోమవారం వాయిదా. ప్రభుత్వం తరఫున మీరే వాదించాలి.

సూపరింటెండెంట్ గారికి,

కేసు మీరే గెలిచారు. ఒట్టు, ఓడిపోదామనే వెళ్ళానండీ. కానీ మా ఆవిడ తరఫు లాయరు ఆ తప్పుల తడక అర్జీ చదువుతుంటే నోరు ఊరుకోలేదు. లేచి నిలబడ్డాను. పది నిమిషాల్లో కొట్టేయించాను. జడ్జి గారు మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ ఇంటి గడప తొక్కే ధైర్యం నాకు లేదు. ఆర్డరు సంగతి వదిలేసి, రెండేళ్ళు సర్వీసు పొడిగించి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
ఇంకా ప్రభుత్వ న్యాయవాదే

తా.క.: ఆవిడ అప్పీలుకు వెళ్తోందట. మంచి లాయరు కావాలని ఊరంతా వాకబు చేసి, చివరికి నాకే కబురు పెట్టింది. ఇంకా కాస్త ప్రేమ ఉన్నట్టేనంటారా?