సిలిండరు ఎగిరే ఆదివారాలు

1994 జనవరి 23, ఆదివారం

మళ్ళీ నా సిలిండరు ఎత్తుకుపోయారు.

ఇడ్లీ సగం ఉడికింది. మూత తీసి చూస్తున్నాను — ఆయన వెనకనుంచి వచ్చి, రెగ్యులేటర్ తిప్పి, ఊడబీకి, సిలిండరు భుజాన వేసుకున్నాడు. "టెంపో నిలబడుండాది. తొందరగా రా." అంతే. పిండి గుంటల్లో అట్లే ఉండిపోయింది. అత్త అంతా చూసింది. చూసి నన్నే తిట్టింది, ఇంకా ముందు లేవలేదని.

పెళ్ళికి ముందే పేరు రాసిపెట్టిన గ్యాసు కనెక్షన్ అది. పోయిన ఆడినెలలో, అంటే ఆషాఢంలో వచ్చింది. ఆయనే దానికి బొట్టు పెట్టి, పూలదండ చుట్టి, వీధంతా చూసేలా ఇంట్లోకి తెచ్చాడు. ఇప్పుడు దాన్ని తలకిందులు చేసి బెలూన్ బుట్ట మూలకు కట్టేస్తాడు. బొట్టు నేల వైపు. మగ్గాల సెల్వం అన్న ఇంటిది ఒకటి, మెకానిక్ భాస్కర్ ఇంటిది ఒకటి, మాది ఒకటి. మూడిళ్ళ వంటా భుస్సుమని మంటై ఆ గుడ్డలోకి పోతుంది. ముగ్గురు మగవాళ్ళు మా గుడియాత్తం ఊరి మీద తేలతారు. నేనూ సెల్వం అన్న భార్య కళ అక్కా టెంపో వెనక కూర్చుని, పొంగలి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మెడలు పైకెత్తి, అది ఎటు పోతే అటు.

పాలారు ఏటి ఇసకలో దిగింది. వాళ్ళు పొంగలి తిన్నారు. గుడ్డ మడిచింది మేము.

జనవరి 24

కట్టెలు. పొగ. కళ్ళు.

అత్త దగ్గుతూ — "గ్యాసుండే ఇల్లేనా ఇది?" ఆ మాట కొడుకుతో అనదు.

జనవరి 25

నేను రాస్తుంటే అత్త దీపం దగ్గరికి జరిపి పెట్టింది. కరెంటు లేదు. రామకోటి రాస్తున్నాననుకుంటుంది. ఈ ఇంట్లో అందరి నోట్లోనూ తెలుగే, చదివేది మాత్రం తమిళం. పలమనేరులో ఐదో క్లాసు దాకా నేను నేర్చుకున్న అక్షరాలు ఇక్కడ ఒక్కరికీ రావు. వంటింట్లో తెరిచి పెట్టినా భయం లేదు. కాబట్టి తిట్టాలనుకున్నవన్నీ ఇక్కడే. నోటితో కుదరదు... గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

జనవరి 27

ఆయన మంచిగా ఉన్నాడు. వేలూరు పక్కన సత్తువాచారిలో ఆయన కడుతున్న ఇంటికి స్లాబు పడిందట. అన్నం తింటూ పైనుంచి ఊరు ఎట్లుంటుందో చెప్పాడు. మేడల మీద ఆరేసిన నూలు — ఎరుపు, పచ్చ, నీలం — ఎవరో రంగుపొడి చల్లి పోయినట్టు. బెలూన్ నీడ పడితే గద్ద అనుకుని కోళ్ళు పిల్లల్ని పిలుచుకుంటాయట. ఆ పైన బర్నర్ ఆపితే ఒక్క చప్పుడు ఉండదట. కింద ఎవరింట్లోనో చెంబు దొర్లినా వినబడుతుందట.

అడిగేశాను. నేనూ వస్తా అని.

నమిలేది ఆపి చూశాడు. "నువ్వా?" ముద్ద మింగి — "సరే. వచ్చే ఆదివారం."

రెండోసారి అడగలేదు. మాట మార్చుకుంటాడేమోనని చారు వడ్డించాను.

జనవరి 28

"ఏముందని చెల్లీ పైన?" కళ అక్క అడుగుతుంది. కారణం కావాలట.

ఆ ముగ్గురిని ఎవరైనా కారణం అడిగారా? ఒకరు మేస్త్రీ, ఒకరు మగ్గాల ఓనరు, ఒకరు మెకానిక్. బెంగళూరు క్లబ్బులో వాడి వదిలేసిన పాత బెలూన్ కొన్నారు. పని మానుకుని అక్కడే ఉండి నడిపేది నేర్చుకుని వచ్చారు. సరదా అన్నారు. అందరూ సరే అన్నారు. నాకు పైకి పోవాలని ఉంది. అంతే. దాని కింద ఇంకేమీ లేదు తవ్వడానికి.

జనవరి 30, ఆదివారం

పోలేదు.

బ్యాంకు మేనేజరు వచ్చాడు. బూట్లు, నల్ల కళ్ళద్దాలు. బుట్టలో ముగ్గురికే చోటు. భాస్కర్ తన చోటు నాకిస్తానని నిన్న కూడా చెప్పాడు. ఆయన నావైపు చూడకుండా — "సార్ వచ్చినారు కదా. నువ్వు వచ్చే వారం."

ఎప్పటిలాగే గుడ్డ నోరు పట్టుకున్నాను. ముందు పెట్రోలు ఫ్యాన్ గాలి, ఆ తర్వాత మంట. నోరు మూసుకోకుండా రెండు చేతులతో తెరిచి పట్టుకోవాలి. నేనొక పక్క, కళ అక్క ఇంకో పక్క. మంట మా మధ్యలోంచే పోతుంది. చేతిమీద వెంట్రుకలు మాడిన వాసన. "పయపడాదే తంగచ్చీ" అంటాడు సెల్వం అన్న, వారం వారం. భయపడకు చెల్లీ అని. భయం ఎవరికి? మంట దగ్గర నిలబెట్టడానికి నేను ధైర్యస్థురాలిని. బుట్టలో నిలబెట్టడానికి మాత్రం కాదు.

బుట్టకు దిష్టిబొమ్మ కట్టి ఉంది. కొత్త ఇంటికి కట్టినట్టే. కట్టడం పని చేసే మనిషి కదా, దిష్టిబొమ్మ లేకుండా పిట్టగోడ కూడా లేపడు. గడ్డి ఒళ్ళు, కుండ తల, బొగ్గు మీసం. ఆయన పాత చొక్కా చిన్నది చేసి దానికి కుట్టింది నేనే. అది ప్రతి ఆదివారం పైకి పోతుంది.

గడ్డికి చోటుంది.

ఫిబ్రవరి 2

మేనేజరును దించేటప్పుడు సీమతుమ్మ ముళ్ళకు గుడ్డ చినిగింది. కుట్టేది నేను. నడవ నిండా గుడ్డ, వంటింటి గడప దాకా. అత్త చీర ఎత్తిపట్టుకుని దానిమీద అడుగులో అడుగు వేస్తూ...

"ఆడది పైకి పోతే ఎట్లమ్మే? ఆ గాలికి చీర యాడ నిలబడతాది? కింద జనం ఉంటారు."

మిషను తొక్కుతూనే ఉన్నాను. సెల్వం అన్న లుంగీలోనే ఎగురుతాడు. తన మగ్గం మీద నేసిన లుంగీ, మోకాళ్ళ పైకి మడిచి. అప్పుడూ కింద జనం ఉంటారు.

ఈ మాట అనుంటే... సూది విరిగింది.

ఫిబ్రవరి 6, ఆదివారం

ఈ వారం తాసీల్దారు బావమరిదట. పేరు కూడా అడగలేదు నేను.

శెనక్కాయ చేలో దిగారు. మేము టెంపోలో చేరేసరికే చేను రైతు గట్టు మీద ఉన్నాడు, చేతిలో కట్టె. మగవాళ్ళు ఇంకా బుట్టలోనే, గుడ్డ ఇంకా గాలిలోనే. ఆకాశంలో ఉండే వాళ్ళను తిట్టలేడు కదా, దొరికింది మేము. "మీ మొగుళ్ళకు నేల చాల్లేదా అమ్మా?" కళ అక్క పొంగలి పెట్టి ఆయన్ని చల్లబరిచింది. నాకైతే ఆయన్ని ఇంకా కాసేపు తిట్టనివ్వాలనిపించింది.

ఫిబ్రవరి 13, ఆదివారం

ఇంజనీరు. ఇంజనీరు భార్య కూడా.

సెల్వం అన్న, భాస్కర్ ఇద్దరూ కిందే ఉండిపోయారు. ఆమె వాయిల్ చీర కట్టుకుని వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. బుట్ట ఎక్కడానికి కాలి కింద పీట వేశారు — నేను వంటింట్లో కూర్చునే పీట. ఎప్పుడు తెచ్చారో. "మెల్లగా అమ్మా, చూసుకుని" అన్నాడు మా ఆయన. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

లేచింది. చిన్నదయింది. ఆమె చీర గాలికి ఏమీ కాలేదు. పైన గాలితో పాటే పోతారు కాబట్టి గాలే తెలియదట. దిగాక ఆమే చెప్పింది. అత్త వినుండాల్సింది.

ఇంకా చెప్పింది — "మీకేమమ్మా, ఇంట్లోనే పైలట్. వారం వారం పోతుంటారు."

నేను నవ్వాను.

ఎందుకు నవ్వాను. ఇంటికొచ్చి మొహం రుద్ది రుద్ది కడిగాను.

ఫిబ్రవరి 14

అన్నం దగ్గర అన్నాను. ఆమె ఎక్కింది కదా, అని.

"ఆమె యాడ, నువ్వు యాడ. ఆ సార్ సంతకం పెట్టకుంటే నా పని నిలిచిపోతాది." తర్వాత మెత్తగా, మజ్జిగ పోసుకుంటూ — "నువ్వు ఇంటి మనిషివి. నీకేం తొందర. ఎప్పుడైనా పోవచ్చు."

ఎప్పుడైనా.

ఆయన మీద కూడా లేదు ఇంత కోపం, ఆ మాట మీద ఉన్నంత. బయటివాళ్ళకు ఆదివారం. ఇంటివాళ్ళకు ఎప్పుడైనా. పుట్టింటికీ ఎప్పుడైనా పోవచ్చు. మిషనుకు కొత్త బెల్టూ ఎప్పుడైనా తేవచ్చు. అట్లా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి మానేశాను.

ఫిబ్రవరి 17

కొత్త సిలిండరు వచ్చింది. అత్త వెంటనే కాఫీ అడిగింది. నీలం మంట. పొగ లేదు, ఊదేది లేదు.

కాఫీ కాగేలోపల ఒక మాట తయారు చేసుకున్నాను. ఒకటే మాట. చిన్నదిగా ఉండాలి, పెద్దదయితే మధ్యలో ఏడుపొస్తుంది. నీళ్ళు తోడుతూ చెప్పుకున్నాను. గిన్నెలు తోముతూ చెప్పుకున్నాను.

ఫిబ్రవరి 19, శనివారం

చెప్పేశాను.

సాయంత్రం ముగ్గురూ అరుగు మీద రేపటి గురించి మాట్లాడుకుంటున్నారు. రేపు బయటివాళ్ళెవరూ లేరు. ఆయన సిలిండరు కోసం లోపలికి వచ్చాడు. నేను దానికి అడ్డంగా పీట వేసుకుని బియ్యం ఏరుతున్నాను.

"లెయ్."

"ఇది ఎక్కితే నేనూ ఎక్కుతా. లేకుంటే రెండూ ఇంట్లోనే."

మాట బయటికి వచ్చింది.

నవ్వాడు. నేను నవ్వలేదు. చేట పక్కన పెట్టలేదు. ఆయన నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక ఆగింది. బయటనుంచి సెల్వం అన్న ఆయన్ని పేరు పెట్టి పిలిచి — "ఎన్న రత్నం, లోపల ఎలక్షనా?" భాస్కర్ — "అన్నకు డిపాజిట్ పోయినట్టుండాదే." ఇద్దరూ పగలబడి... ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెరట్లోంచి అత్త — "సిలిండరు ఎత్తుకుపోవద్దులే నాయనా. నాకా పొగ పడదు." నా కోసం అన్నది కాదు. అయినా నా పక్కన వచ్చి పడింది ఆ మాట.

చివరికి గోడ వైపు చూస్తూ అన్నాడు. "సరే. రా. పైన భయమని ఏడిస్తే మాత్రం నాకు చెప్పొద్దు."

ఇష్టంతో ఇచ్చింది కాదు. తీసుకున్నాను.

ఫిబ్రవరి 20, ఆదివారం

గాలి.

కౌండిన్య ఏటి ఇసకలో బుట్ట పక్కన నిలబడ్డాను. కొంగు దోపుకున్నాను. జడ ముడి వేసుకున్నాను. గుడ్డ నోరు భాస్కర్ పట్టుకున్నాడు. మంట వేశారు. గుడ్డ సగం లేచింది, నేను కుట్టిన అతుకు పైకి పోతూ కనబడింది... అప్పుడు మోర్ధానా కొండల వైపు నుంచి దిగింది గాలి. గుడ్డ పక్కకు పడి బుట్టను ఈడ్చుకుపోయింది. అందరం పరిగెత్తి దానిమీద పడి పట్టుకున్నాం. నేనూ.

లాభం లేదని మడిచేశారు.

ఆయన ఇసక దులుపుకుంటూ, అందరికీ వినబడేలా — "చూసినారా? ఇన్ని వారాలు లేని గాలి. ఈమె కాలు పెట్టింది, వచ్చింది."

సెల్వం అన్న లుంగీ సర్దుకున్నాడు. కళ అక్క నా భుజం పట్టుకుంది, విదిలించుకున్నాను.

గాలికి నేను కారణం. మేనేజరు వచ్చిన రోజు ముళ్ళలో దిగారే, అప్పుడు ఎవరి కాలు? బూటు కాబట్టి లెక్క లేదేమో.

ఫిబ్రవరి 21

మాట్లాడడు. వడ్డించేది నేను. పెరుగు కావాలని మాత్రం అత్తకు చెప్తాడు.

ఫిబ్రవరి 23

వేలూరులో ఎవరిదో హోటలు సిలిండరు కోసం తిరుగుతున్నారట, మాది లేకుండా ఎగరడానికి. కళ అక్క వచ్చి చెప్పింది. "ఎక్కువ లాగినావు చెల్లీ. మా ఇంట్లో సిలిండరు చుట్టం లాంటిది. వస్తాది, ఉంటాది, పోతాది. నేను రంపప్పొట్టు పొయ్యికి అలవాటు పడలేదా?"

"నేను అలవాటు పడను అక్కా."

బయటికే అన్నాను. తను లేచింది. వెళ్తూ వెళ్తూ — "హోటలోడు ఇయ్యడులే."

ఫిబ్రవరి 25

ఇయ్యలేదట.

ఫిబ్రవరి 26, శనివారం

గాలి వచ్చిన ఆదివారం నుంచి గ్యాసు వెలిగించలేదు. వారమంతా కట్టెల మీదే. ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. సిలిండరు పక్కనే ఉంది, ఆదివారానికి మిగలాలని రెగ్యులేటర్ తీసి కిటికీలో పెట్టాను. కళ్ళు మండుతున్నాయి. అత్త తిట్టి తిట్టి పెరట్లోకి పోయి కూర్చుంది. "గ్యాసు పక్కన పెట్టుకుని పొయ్యి ఊదేదాన్ని నిన్నే చూస్తి." ఆమెకు పొగ పడదని తెలుసు. తెలిసే ఊదుతున్నాను. ఈ కోపంలో ఆమె దగ్గు కూడా కలిసిపోయింది, ఏం చేయను.

ఆయన గడపలో నిలబడ్డాడు. పొగలో, చాలాసేపు.

"గ్యాసు అయిపోయిందా?" ఈ వారంలో నాతో మొదటి మాట.

"ఉండాది."

పొయ్యి చూశాడు. సిలిండరు చూశాడు. దాన్ని ఎందుకు దాస్తున్నానో తెలిసింది, మొహంలో కనబడింది. కోపమో ఇంకేమో నాకు తెలియలేదు. పెరట్లోకి పోయాడు. వంగి గుప్పెడు దుమ్ము తీసి, చేయి పైకెత్తి వదిలాడు.

నేరుగా కిందికి పడింది. గాలి లేదు.

చెప్పులు వేసుకుని సెల్వం అన్న ఇంటివైపు పోయాడు. ఇంకో కట్టె పెట్టాను.