వెనక సీటులో ఆగిపోయిన తనిఖీ

వాహనాల తనిఖీ విభాగపు ముఖ్య అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పాత కారు వెనక చక్రాల అమరిక మార్పునకు ఆమోదం, సగంలో ఆగిన రోడ్డు పరీక్షను మళ్లీ జరిపించుట గురించి.

నేను గృహిణిని. ఇంట్లోకి ఏది వచ్చినా, ఏది పోయినా రాసిపెట్టుకునే అలవాటు ఉన్నదాన్ని. కాబట్టి జరిగినది జరిగినట్టు వరుసలో విన్నవించుకుంటున్నాను.

1. సదరు కారు మా మామగారి హయాం నాటిది. ప్రస్తుతం అత్తగారి పేరున ఉన్నది. వెనక చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసు కలిపి ఉంచేది. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రం కూడా ఉలిక్కిపడేది. ఆ రెంటి మధ్య అత్తగారి నడుము. కారు ప్రయాణం మానమన్నారు డాక్టరుగారు. ఆవిడ మానారు గాని, కారును తిట్టడం మానలేదు.

2. అత్తగారి అక్కగారు కొండ మీది ఊళ్లో ఉంటారు. ఆవిడకు చూపు తగ్గిపోతోంది. "నీ మొహం నాకు పూర్తిగా మసకైపోకముందే ఒక్కసారి వచ్చి చూపించవే" అని ఫోనులో అడిగారు. "చూడ్డానికి ఇంకేం మిగిలిందే అందులో" అన్నారు మా అత్తగారు. ఆ పూట మాత్రం భోజనం ముట్టలేదు.

3. అందువల్ల, మెకానిక్కు అయిన మా తమ్ముడు పాతసామాన్లలోకి పోయిన ఒక కొత్తరకం కారు నుంచి, చక్రాలను విడివిడిగా మోసే ఇండిపెండెంట్ సస్పెన్షన్ తెచ్చి, చట్రానికి బలమైన పట్టీలు వేసి బిగించాడు. విప్పిన ప్రతి నట్టునూ చీటీ అంటించిన డబ్బాలో నేనే భద్రపరిచాను. ఇప్పుడు ఏ చక్రం గుంట దానిదే. "ఇన్నాళ్లూ వీటిది ఉమ్మడి కాపురం అక్కా. వేరు పెట్టేశాం, ఇంక గొడవల్లేవు" అన్నాడు. అత్తగారు నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపు ఈ అర్జీ పరిధిలోకి రాదు.

4. తనిఖీ నాడు తమ ఇన్‌స్పెక్టరుగారు కారు కింద దూరి అతుకులు, బ్రేకు గొట్టాలు చూసి సంతృప్తి చెందారు. పిమ్మట రోడ్డు పరీక్షకై వెనక సీటులో అత్తగారి పక్కన కూర్చుని, ముందు నా పక్కన స్టీరింగు పట్టిన తమ్ముణ్ణి గిడ్డంగుల వెనకనున్న గతుకుల దారిన పోనిమ్మన్నారు. ఆ దారిలో సగం పోకముందే వారికి నిద్ర పట్టినది. శిరస్సు అత్తగారి భుజంపై ఆనినది.

5. తమ్ముడు లేపబోయాడు. "లేపకురా. కంటినిండా పడుకుని ఎన్నాళ్లయిందో పాపం. ఇంకో చుట్టు తిప్పు" అన్నారు అత్తగారు. నేనూ అడ్డు చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్న మాట వాస్తవము. ఆ దారినే అలా చుట్టూ తిరుగుతూ ఉండగా వారు కళ్లు తెరిచి, "గతుకుల దారి ఇంకా రాలేదా అమ్మా?" అని అడిగారు. అప్పటికి కార్యాలయం మూసివేయబడినది. మర్నాడు "రోడ్డు పరీక్ష పూర్తి కాలేదు, తిరస్కరించడమైనది" అని కాగితం వచ్చినది. ఇంతకు మించిన పరీక్ష ఏముంటుందో మాకు తెలియరాలేదు.

6. అదే కాగితంలో పాత ఇరుసును కూడా హాజరుపరచమన్నారు. అది పెరట్లో దండేనికి గుంజగా ఉన్నది. బట్టలు ఆరగానే తేగలము.

ఇన్‌స్పెక్టరుగారిపై ఎట్టి చర్యా కోరడం లేదు. వారు మంచివారు, గురక కూడా మెల్లగానే పెట్టారు. తమరే స్వయంగా గానీ, ముందు రాత్రి బాగా నిద్రపోయిన వేరొకరి ద్వారా గానీ, పరీక్షను ఈ వారంలోనే జరిపించ ప్రార్థన. మా ఫైలు కంటే అక్కగారి చూపు వేగంగా కదులుతోంది. ఈ సంగతులన్నీ దయతో చిత్తగించవలెను. చిత్తగించే ముందు ఒక్కసారి కారెక్కవలెను.

తమ విధేయురాలు,
కారు యజమానురాలి కోడలు

మనవి: ఇది రాస్తుండగానే అత్తగారు చేతిసంచీ సర్దుకుని వెళ్లి వెనక సీటులో కూర్చున్నారు. ఆమోదం వచ్చేదాకా దిగరట. భోజనం అక్కడికే పంపాను. కారు షెడ్డు దాటలేదు, ఇంజను నడవడం లేదు కనుక నిబంధనలేవీ అతిక్రమించబడలేదని గమనించగలరు. ఇప్పుడే అక్కగారి ఫోను వచ్చింది. "బయల్దేరావుటే?" అని అడిగారు. "కారెక్కేశాను" అన్నారు అత్తగారు. ప్రస్తుతానికి అది అబద్ధం కాదు. తమ సంతకం ఆలస్యమైతే అవుతుంది.